బావ తలలో పెట్టె

నలుగురు కూర్చున్నచోటికి కోతల మామయ్య వచ్చాడంటే మిగతావాళ్ళ నోళ్ళకు ఇక పనుండదు. ఆయన ఉద్యోగం అలాంటిది మరి. ఆస్పత్రి కింది అంతస్తులో, మనుషుల్ని కూడా ఫ్రిజ్‌లో కూరగాయల్లా దాచిపెట్టేంత చల్లటి గదిలో, సొరంగంలాంటి నోరున్న పెద్ద అయస్కాంత యంత్రాన్ని నడుపుతాడు. దానిలోకి మనుషుల్ని పంపి తలకాయల లోపలి సంగతులు బయటికి లాగుతాడు.

ఆ అయస్కాంతం ఓసారి ఒక పోలీసాయన బెల్టు బకిల్ని పట్టి లాగితే ప్యాంటు ముందు వెళ్ళిందట, పోలీసాయన దాని వెనకాల పరిగెత్తాడట. ఇంకోసారి ఒక పచ్చి అబద్ధాలకోరు తలను పరీక్షిస్తే గ్రాఫు సిగ్గుపడి తెర దిగి పారిపోయిందట. ఇవన్నీ కోతల మామయ్య చెప్పినవే. ఆ పేరు పెట్టింది ఆయన అక్క పిల్లలు. పెట్టించింది అక్క.

"వీడి మాటల్లో సగం అవతల పారెయ్యాలి. మిగతా సగాన్ని ఉతికి ఆరేసి, అప్పుడు నమ్మాలి," అనేది ఆవిడ.

అక్క మొగుడు దర్జీ. పక్కవీధిలో కొట్టు. బావకు ఈ బామ్మర్ది అంటే ప్రాణం. "నేను గుడ్డ కోస్తాను, వీడు కోతలు కోస్తాడు. మా ఇద్దరిదీ ఒకటే వృత్తి. నాకు కాస్త దారం ఖర్చు ఎక్కువ, అంతే," అని నవ్వేవాడు. నవ్వితే ఆ మనిషి మొత్తం నవ్వేవాడు. భుజాలూ, బొజ్జా, కాలివేళ్ళూ, తలమీది దట్టమైన ఉంగరాల జుట్టూ, అన్నీ కలిసి నవ్వేవి.

అలాంటి మనిషికి ఒకరోజు పట్టపగలు, ఎవరిదో కోటు కత్తిరిస్తుండగా కుడిచెయ్యి తన మాట వినడం మానేసింది. కత్తెరతో సహా ఎగిరెగిరి పడింది. కోటు మూడు ముక్కలైంది. బావ బల్లకింద పడ్డాడు. స్కాను తీస్తే మెదడులో ఎడమవైపు, కుడిచేతిని ఆడించే చోటికి ఆనుకుని, పుర్రెకు కాస్త లోపలగా ఒక మచ్చ కనబడింది.

మామూలు స్కాను ఫొటోలాంటిది. మచ్చ ఎక్కడుందో, ఎంతుందో చూపిస్తుంది. అది ఎలాంటి మచ్చో చాలాసార్లు చెప్పలేదు. దానికోసం స్పెక్ట్రోస్కోపీ అని ఇంకో పరీక్ష ఉంది. అదీ ఆ యంత్రంలోనే చేస్తారు. తెరమీది మెదడు బొమ్మలో, మచ్చ ఉన్నచోట, పెద్ద పాచికంత పెట్టె ఒకటి గీస్తారు. యంత్రం ఆ పెట్టెలో ఉన్న రసాయనాలను మాత్రమే పలకరిస్తుంది. అవి బదులు పలుకుతాయి. ఆ బదుళ్ళు గ్రాఫుమీద శిఖరాలుగా లేస్తాయి. ఒక శిఖరం నరాల కణాలు క్షేమమని చెబుతుంది. ఇంకొకటి కణాలు తొందరపడి పెరుగుతున్నాయని చెబుతుంది. ఒక చివర కొవ్వుకు కేటాయించిన చోటు ఉంది. అక్కడ మాత్రం ఏమీ లేవకూడదు. లేచిందంటే లోపల కణాలు చచ్చిపోతున్నాయని, అది చెడ్డ గడ్డ కావచ్చునని డాక్టర్లు అనుమానిస్తారు.

చిక్కేమిటంటే, తల చర్మం కింద అందరికీ కొవ్వుంటుంది, తెలివైనవాళ్ళక్కూడా. పెట్టె మూల ఒకటి పుర్రె దాటి బయటికి వెళ్ళిందంటే, ఆ చర్మం కింది కొవ్వు మెదడు కొవ్వులా వేషం వేసుకుని గ్రాఫుమీద నిలబడుతుంది. పైగా పెట్టె తలకు అతుక్కుని ఉండదు. సొరంగంలో గాలిలో ఒకచోట పాతినట్టు ఉంటుంది. తల కదిలిందా, పెట్టె దానితోపాటు వెళ్ళదు. తలే పెట్టెలోంచి జారిపోతుంది. అందుకే ఆ గదిలో ఒక నియమం ఉంది. పెట్టె గీశాక టెక్నీషియన్ నోరు మూసుకోవాలి. పరీక్ష అయ్యాక మళ్ళీ ఒక చిన్న ఫొటో తీసి, తల ఉన్నచోటనే ఉందో లేదో చూసుకోవాలి.

మాటల్లో ఎన్ని కోతలు కోసినా పనిలో కోతల మామయ్య అంతవరకూ ఈ నియమం తప్పలేదు. పెట్టె పెట్టడంలో ఆయన చేతి నేర్పు వేరని తోటివాళ్ళూ అనేవారు. అందుకే బావను లోపలికి పంపేముందు అక్కతో ధైర్యంగా అన్నాడు. "నేనుండగా నీకెందుకక్కా భయం? నా పెట్టె గురి తప్పదు."

బావ మాత్రం భయపడ్డాడు. సొరంగంలో తలచుట్టూ బోనులాంటిది బిగించి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టాక, పిడికిళ్ళు బిగించి ఊపిరి కూడా దొంగతనంగా పీల్చుకుంటున్నాడు. అద్దం గోడకు ఇవతల, తన గదిలోంచి అది చూసి కోతల మామయ్య మనసు ఆగలేదు. యంత్రం మోతకూ మోతకూ మధ్య మైకు నొక్కాడు.

"బావా, ఒక సంగతి చెప్పనా? పోయినవారం ఒక ముసలాయన కట్టుడుపళ్ళు తీయకుండా ఇందులోకి దూరాడు."

"అయితే?"

"అయితేనా! పైవరసా కిందివరసా నోట్లోంచి ఎగిరొచ్చి యంత్రం గోడను కరుచుకున్నాయి. నర్సమ్మ వెళ్ళి బతిమాలింది, రండి బాబూ ఇంటికెళ్దాం అని. అవి రాకపోగా ఆవిణ్ణి చూసి ఇకిలించాయి."

బావ పిడికిళ్ళు విడాయి. అంతవరకూ మంచిదే. మనిషి కుదురుకున్నాడు. కోతల మామయ్య కొత్తగా బొమ్మలు తీసి, మచ్చ మీద పెట్టె గీశాడు. పుర్రెకూ పెట్టెకూ మధ్య ఉన్నది వెంట్రుకంత సందు. అయినా చక్కగా కుదిరింది. మీట నొక్కాడు. గడియారం నడుస్తున్నట్టు యంత్రం టక్కుటక్కుమనడం మొదలుపెట్టింది. ఇక నోరు మూసుకోవాలి.

మూసుకోలేదు. కథ మంచి రసపట్టులో ఉంది. మైకు ఇంకొక్కసారి నొక్కాడు.

"అప్పుడా ముసలాయన బోసినోటితో లేచొచ్చి, పళ్ళకేసి వేలు చూపించి ఏమన్నాడో తెలుసా?"

ఏమన్నాడో చెప్పలేదు. సొరంగం బయటికి కనిపిస్తున్న బావ కాలివేళ్ళు గెంతులేస్తున్నాయి. కోతల మామయ్య చటుక్కున వేలు తీసేశాడు. బావ నవ్వితే ఒంట్లో ఏదీ ఊరుకోదని ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. 'కదిలినవి కాళ్ళే కదా. తల బోనులో ఉంది, చుట్టూ దిండ్లున్నాయి,' అనుకున్నాడు. తరవాత తీయాల్సిన ఆ చిన్న ఫొటో తీయలేదు. తీస్తే తెలిసిపోతుందనే తీయలేదని ఆయన చాలాకాలం తనక్కూడా చెప్పుకోలేదు.

గ్రాఫు వచ్చింది. కొవ్వుకు కేటాయించిన చోట శిఖరం నిటారుగా నిలబడి ఉంది.

సరిగ్గా అప్పుడే స్కానులు చదివే పెద్ద డాక్టరమ్మ లోపలికి వచ్చింది. ఆవిడ వెనకాల సగం తెరిచిన తలుపులోంచి అక్క తొంగిచూస్తోంది, చేతిలో మంచినీళ్ళ సీసా పట్టుకుని.

"కొవ్వు బాగా లేచిందే," అంది డాక్టరమ్మ. "కదిలాడా?"

కోతల మామయ్య అక్క మొహం చూశాడు. ఆ మొహంలో తనమీద ఎంత నమ్మకముందో చూశాడు. నోట్లోంచి మాట దానంతట అదే వచ్చేసింది.

"లేదు మేడమ్."

అన్ని కోతలు కోసిన మనిషి చెప్పిన వాటిలోకెల్లా చిన్న అబద్ధం అదే. దాన్ని మాత్రం అందరూ నమ్మారు.

ఆ ఒక్క మాటమీద మిగతావన్నీ చకచకా నడిచాయి. చెడ్డ గడ్డలాగే ఉందని డాక్టరమ్మ రాసింది. ఆలస్యం చేయకుండా తెరవాలని ఆపరేషన్ చేసే డాక్టరు చెప్పాడు. మచ్చ ఉన్న చోటు అలాంటిది కాబట్టి కుడిచెయ్యి మళ్ళీ మునుపటిలా పనిచేస్తుందని మాట ఇవ్వలేనన్నాడు. దర్జీకి కుడిచెయ్యి అంటే ఏమిటో ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు.

బావ బొమ్మలను కోతల మామయ్య మరునాడు మళ్ళీ తెరిచాడు. గ్రాఫు తరవాత, రక్తంలోకి మందు ఎక్కించి తీసిన బొమ్మలు కొన్ని ఉన్నాయి. వాటిమీద తను గీసిన పెట్టెను ఉన్నచోటే పరిచి చూశాడు. తల రవ్వంత తిరిగి ఉంది. రెండు మూలలు పుర్రె దాటి, దుప్పటి చాలక కాళ్ళు బయటపెట్టి పడుకున్న మనిషిలా చర్మం కింది కొవ్వులో పడి ఉన్నాయి. గబుక్కున తెర ఆపేశాడు. గదిలో ఇంకెవరూ లేరు. అయినా వెనక్కి తిరిగి చూశాడు.

'అంతమాత్రాన గ్రాఫు మొత్తం అబద్ధమనేముంది? లోపల నిజంగా చెడ్డగడ్డే ఉందేమో. మామూలు బొమ్మలు మాత్రం ఏమంత బాగున్నాయని?' ఇలా తనకు తనే వకీలుగా నిలబడి వాదించుకున్నాడు. వాదన గెలుస్తూనే ఉన్నాడు, అన్నం మాత్రం సహించడం మానేసింది. అక్క ఇంటికి వెళ్తే పిల్లలు చుట్టుముట్టారు.

"మామయ్యా, మామయ్యా, ఇవాళ అయస్కాంతం ఏం మింగింది?"

"ఏమీ మింగలేదమ్మా."

"అదేంటి, ఉపవాసమా?"

అక్క లోపల్నుంచి కేకేసింది. "మామయ్యను విసిగించకండర్రా. పాపం వాడు మీ నాన్న గురించే బెంగపెట్టుకున్నాడు." ఆ 'పాపం' వినగానే ఆయన వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం కోతల మామయ్య బావ కొట్టుకు వెళ్ళాడు. బావ బల్ల దగ్గర నిలబడి గుడ్డ కత్తిరిస్తున్నాడు. ఏదో తేడాగా ఉందనిపించి దగ్గరికి వెళ్ళి చూస్తే కత్తెర ఎడమచేతిలో ఉంది. కుడిచెయ్యి జేబులో ఉంది. నేలంతా వంకరటింకర ముక్కలు.

"ఏంటి బావా ఇది?"

"ఎడమచేతిని బళ్ళో వేశాను," అన్నాడు బావ, గుడ్డమీంచి కళ్ళెత్తకుండా. "రేపట్నించీ కుటుంబభారం దీనిదేగా. ఇంకా ఎల్‌కేజీలోనే ఉంది వెధవది. గీత మీద నడవమంటే పక్కింట్లోకి వెళ్తోంది."

"కుడిచేతికి ఏమీ కాదులే."

"కాకపోతే సంతోషం. అయితే పెన్షన్ ఇచ్చి కూర్చోబెడదాం." బావ కత్తెర కింద పెట్టి, అలమరలోంచి మడతపెట్టిన చొక్కా ఒకటి తీశాడు. "ఇదిగో, ఇది నీకు. మా ఎడమచేతి మొదటి సంతానం. బజార్లో వేసుకోకు, నా పరువు పోతుంది. కాలరు ఒక చెవి పొడుగు, ఒక చెవి పొట్టి. కుట్టేటప్పుడంతా నీ పళ్ళ కథే తలుచుకున్నానురా. ఆ సొరంగంలో నువ్వు గనక నవ్వించకపోతే నేను గుండాగి అక్కడే పోయుండేవాణ్ణి."

కోతల మామయ్య చొక్కా అందుకున్నాడు. దాని మడత విప్పాడు. మళ్ళీ మడిచాడు. మళ్ళీ విప్పబోతుంటే బావ ఆయన భుజం తట్టి, "ఛ, నువ్వే ఇలా ఐపోతే మీ అక్కని ఎవరు చూస్తారు?" అన్నాడు.

పొద్దున్నే ఆ చొక్కానే వేసుకుని ఆస్పత్రికి వెళ్ళాడు. తిన్నగా డాక్టరమ్మ గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"మేడమ్, మా బావ కదిలాడు."

"ఎక్కడికి?"

"ఎక్కడికీ కాదు మేడమ్. స్కానులో. పరీక్ష జరుగుతుండగా నేనే మైకులో నవ్వించాను. తల తిరిగింది. పెట్టె పుర్రె దాటింది. మీరడిగితే లేదన్నాను."

డాక్టరమ్మ ఆయన్ని తిట్టలేదు. ముందు తెర తెరిచి చూసుకుంది. పెట్టెను తరవాతి బొమ్మలమీద పరిచింది. కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది.

"నువ్వు లేదన్నావు కాబట్టే నేను అవునని రాశాను," అంది. "నేను కూడా ఈ బొమ్మ తెరిచి చూడాల్సింది. చూడలేదు. నీ మాటమీద వదిలేశాను." ఫోను ఎత్తి ఆపరేషన్ ఆపించింది. తరవాత ఆయనకేసి చూసింది. "మళ్ళీ స్కాను చేద్దాం. నువ్వు చెయ్యవు. వెళ్ళి మీవాళ్ళకు చెప్పు. అది మాత్రం నువ్వే చెప్పాలి."

వార్డులోకి వెళ్ళేసరికి మంగలి బావ తల గొరుగుతున్నాడు. ఎడమవైపు అంతా నున్నగా మెరుస్తోంది. కుడివైపు ఉంగరాల జుట్టు అలాగే ఉంది. పక్కన అక్క, ఒళ్ళో రాలిన జుట్టు పట్టిన కాగితంతో.

"ఆపండి, ఆపండి! ఆపరేషన్ లేదు," అన్నాడు కోతల మామయ్య.

మంగలి కత్తి గాల్లో ఆగింది. "సగంలో ఆపమంటే ఎలాగండీ?" అన్నాడు నొచ్చుకుని.

కోతల మామయ్య జరిగినదంతా చెప్పాడు. కోత ఒక్కటీ లేదు. ఉప్పూకారం జోడించలేదు. ఆయన చెప్పగా ఎవరూ మధ్యలో నవ్వకుండా విన్న మొదటి కథ అది. బావ ముందు కుడిచేతికేసి చూసుకున్నాడు, వేళ్ళు మూసి తెరిచాడు. సగం గుండు తడుముకున్నాడు.

"అంటే... నాకు చెడ్డగడ్డ లేదా?"

"తెలీదు బావా. ఉండొచ్చు. లేకపోవచ్చు. ఆ గ్రాఫును నమ్మకూడదు, అంతవరకే తెలుసు."

అక్క కాగితాన్ని జాగ్రత్తగా మడిచింది. "కదిలాడా అని ఆవిడ అడిగినప్పుడు నేను తలుపు దగ్గరే ఉన్నాను కదరా?"

"ఉన్నావక్కా."

"నా మొహం చూసే చెప్పావు లేదని."

"అవునక్కా."

ఆవిడ కాగితాన్ని సంచిలో పెట్టుకుంది. తిడితే బాగుండునని, చెంప పగలగొడితే ఇంకా బాగుండునని ఆయనకు అనిపించింది. ఆవిడ ఆ రెండూ చెయ్యలేదు.

రెండో స్కాను తోటి టెక్నీషియన్ చేసింది. బయట బల్లమీద ఈ చివర కోతల మామయ్య, ఆ చివర అక్క. గోడ అవతల యంత్రం టక్కుటక్కుమంటోంది. అప్పుడు ఆయన మనసులోకి ఒక ఆలోచన వచ్చింది. ఈసారి కూడా కొవ్వు శిఖరం లేస్తే? లేస్తే మొదటి గ్రాఫు నిజమే అవుతుంది. తన తప్పు వల్ల జరిగిందేమీ ఉండదు. అక్క మళ్ళీ మాట్లాడుతుంది. లేవాలి అని, ఒక్క క్షణం, నిజంగా కోరుకున్నాడు. మరుక్షణం తను ఏం కోరుకున్నాడో తెలిసి, ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. బల్ల కిర్రుమంది. అక్క తలెత్తి చూసింది. ఆయన మొహం తిప్పుకున్నాడు. అబద్ధం సంగతి డాక్టరమ్మకు చెప్పుకున్నాడు, బావకు చెప్పుకున్నాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.

కొవ్వు లేవలేదు. గ్రాఫులో మిగతా శిఖరాలు కాస్త అటూఇటూగా ఉన్నాయి కానీ ఆ చివర మాత్రం చదునుగా ఉంది. "గడ్డ కాకపోవచ్చు. మెదడులో ఒకరకమైన వాపు కావచ్చు," అంది డాక్టరమ్మ ఆచితూచి. "ముందు మందులిచ్చి చూద్దాం. తగ్గితే కత్తి అక్కర్లేదు." మందులు వాడారు. మచ్చ కొద్దికొద్దిగా చిన్నదైంది. బావ కుడిచెయ్యి దారికి వచ్చింది. ఎడమచెయ్యి మాత్రం చదువు మధ్యలో ఆపించారని అలిగిందని ఆయన అందరికీ చెప్పాడు. మిగతా సగం జుట్టు కూడా గొరిగించుకుని, కొత్తగా వస్తున్న పీచుజుట్టును అద్దంలో చూసుకుని మురిసిపోయాడు.

ఆస్పత్రివాళ్ళు కోతల మామయ్యను కొన్నాళ్ళు యంత్రం దగ్గరికి రానివ్వలేదు. బయట గుమ్మం దగ్గర కూర్చోబెట్టారు. లోపలికి వెళ్ళేవాళ్ళ గడియారాలూ, తాళంచెవులూ, హెయిర్‌పిన్నులూ తీయించి గిన్నెల్లో పెట్టడం పని. ఎవరైనా కట్టుడుపళ్ళు తీసి చేతిలో పెడితే ఆయన కళ్ళు దించుకునేవాడు. తిరిగి యంత్రం దగ్గర కూర్చోబెట్టాక, ఆ గదిలో ఆయనంత మౌనంగా పనిచేసేవాడు లేడని పేరొచ్చింది. అక్క ఇంట్లో అన్నం పెట్టేది, అడిగినదానికి జవాబు చెప్పేది. ఆయన్ని ఏమీ అనేది కాదు. వెక్కిరించేది కాదు. సగం పారేసి సగం ఆరెయ్యమనేది కాదు. ఇక ఆరెయ్యడానికి ఆయన దగ్గర మాటలు కూడా లేవు. నలుగురు కూర్చున్నచోట గోడవైపు కుర్చీ వెతుక్కునేవాడు.

చివరి స్కానుకు బావ పట్టుపట్టాడు. "నా బామ్మర్దే చెయ్యాలి. వేరేవాళ్ళయితే నా తల లోపలికి రాదు, గుమ్మంలోనే ఉంటుంది," అన్నాడు. డాక్టరమ్మ ఒప్పుకుంది. ఒప్పుకుని, తను కూడా వెనకాలే నిలబడింది. కోతల మామయ్య పెట్టె గీశాడు. మైకుకు దూరంగా, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాడు. పరీక్ష అయ్యాక చిన్న ఫొటో తీశాడు. తల ఉన్నచోటనే ఉంది. ఇంకొకటి తీశాడు. ఉన్నచోటనే ఉంది. డాక్టరమ్మ, "చాలు," అనేదాకా చూస్తూనే ఉన్నాడు.

బల్ల బయటికి జరిపి బావ తలకున్న బోను విప్పాడు. అక్క గుమ్మంలో నిలబడి ఉంది, అదే నీళ్ళ సీసాతో.

"ఒరేయ్," అన్నాడు బావ పడుకునే. "ఇప్పుడు చెప్పు. ముసలాయన పళ్ళకేసి వేలు చూపించి ఏమన్నాడు? అది తెలియకుండా పోతానేమోనని ఎంత బెంగపడ్డానో తెలుసా!"

"తెలీదు బావా."

"తెలీకపోవడమేంట్రా?"

"అప్పటికింకా కల్పించలేదు."

బావ నోరు తెరుచుకుని చూశాడు. అప్పుడు గుమ్మంలోంచి అక్క గొంతు వినబడింది.

"ముసలాయన ఏమీ అనలేదు. ఆ పళ్ళే గోడ వదిలి, తిన్నగా అద్దం పక్కకు వెళ్ళి, మైకులో వాగే వెధవ నాలుక పట్టుకున్నాయి. ఇంతవరకూ వదల్లేదు. చూడు, ఎలా మూగిమొద్దులా నిలబడ్డాడో."

ముందు బావ కాలివేళ్ళు కదిలాయి. తరవాత బొజ్జ, భుజాలు, చివరికి పీచుజుట్టు తల మొత్తం అటూ ఇటూ ఊగిపోయింది. కోతల మామయ్య అలవాటుగా చెయ్యి చాచి ఆ తలను కదలకుండా పట్టుకోబోయాడు. యంత్రం ఆగే ఉందని గుర్తొచ్చి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.